చెప్పుల దగ్గర చాప

ఈ దీవుల్లో, మిన్నీ బే ఒడ్డున ఉన్న మా ప్రార్థన మందిరం పెద్దదేమీ కాదు. చెక్క గోడలు, పైన రేకులు, కింద సిమెంటు నేల. కుడిపక్క మగవాళ్ళు, ఎడమపక్క ఆడవాళ్ళు. గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోటికి ఆనుకుని, ఒక చాప ఎప్పుడూ పరిచి ఉంటుంది. ప్రభువు బల్ల నుంచి తీసేసినవాళ్ళ చాప అది. ఆదివారం రొట్టె పళ్ళెం, ద్రాక్షరసం గిన్నె చేతులు మారుతూ వెనక వరస దాకా వస్తాయి. చాప ముందుకు వచ్చేసరికి ఆగి, వెనక్కి తిరిగిపోతాయి. తప్పు చేసినవాళ్ళు పదిమందిలో లేచి ఒప్పుకునేదాకా అంతే. ఎవరూ తిట్టరు. ఎవరూ చెయ్యెత్తరు. పళ్ళెం వెనక్కి తిరుగుతుంది. దానికంటే తిట్టినా బాగుండును.

తాగి రోడ్డు మీద పడినవాళ్ళు కూర్చున్నారు ఆ చాప మీద. పెళ్ళాన్ని బాదినవాళ్ళు కూర్చున్నారు. వానలు వెనకబట్టాక కాసులమ్మ వచ్చి కూర్చుంది. మొగుడికి కర్మ జరిపించిందని ఆమె మీద నేరం. విగ్రహాలకి మొక్కేవాళ్ళ తంతులో చెయ్యి పెట్టిందట. సరే. అదే నోటితో పెద్దలు ఇంకో మాట కూడా అన్నారు. మొగుడు పోయాడని రుజువు లేదు కాబట్టి ఆమె ఇంకా ఒకడి భార్యేనట. పోయినవాడికి కర్మ చేస్తే పాపం, పోలేదు కాబట్టి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పాపం. నేను మూడో తరగతిలో బడి మానేసి వల పట్టినవాణ్ణి. ఆ రెండు ముక్కలూ ఒకే తాటికి ఎలా ముడిపడతాయో నాకు అర్థం కాలేదు. చదువుకున్నవాళ్ళకి అర్థమైందేమో.

కాసులమ్మ మొగుడు నూకన్న నాకు రక్తసంబంధం కాదు. పక్కిల్లు. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య గోడ ఒకటే, రేకు గోడ. వాడు నన్ను అన్నా అనేవాడు, ఆమె బావా అనేది. వాళ్ళిద్దరూ, నేనూ, నా భార్యా ఒకే రోజు ఈ మిన్నీ బే నీళ్ళలోనే బాప్తిస్మం తీసుకున్నాం. నూకన్న తల్లి బుల్లమ్మ మాత్రం ఒడ్డున నిలబడి చూసి, "ఎన్నిసార్లు ములిగినా గంగమ్మ నీళ్ళే గదరా అవి" అని నవ్వింది. ఆమె గంగమ్మని వదల్లేదు. నా భార్య ఆ తర్వాత రెండో ఏడు జ్వరంతో పోయింది. పిల్లల్లేరు. అప్పటినుంచీ నా ఇంట్లో మాట అంటే గోడ అవతలి మాటే.

నిరుడు వానలకి ముందు గాలి మారే రోజుల్లో నేనూ నూకన్నా చెరొక డుంగీలో గేలాల వేటకి దక్షిణంగా వెళ్ళాం. డుంగీ అంటే ఇంజను బిగించిన చిన్న పడవ, ఒక్కడు నడిపేది. మధ్యాహ్నం గాలివాన పట్టుకుంది. వాడి ఇంజను ఆగిపోయింది. తాడు విసిరాను, అందుకున్నాడు, కట్టాడు. కెరటం మీద కెరటం. తాడు తెగింది. వాన కళ్ళ ముందు పరదాలా పడింది. ఆ పరదా తొలిగేసరికి నూకన్న లేడు, డుంగీ లేదు. డీజిలు ఉన్నంతసేపు తిరిగాను. మర్నాడు నేవీ వాళ్ళ ఓడ కూడా వెతికింది. తెడ్డు కూడా దొరకలేదు.

నేను ఒడ్డుకి చేరేసరికి బుల్లమ్మ ఇసకలో కూర్చుని ఉంది. కాసులమ్మ ఇంటి గడపలో నిలబడి ఉంది. వాళ్ళ గడప దాకా వెళ్ళాను. ఏం చెప్పాలో తెలియలేదు. నోరు రాలేదు. కాసేపు నిలబడి, నా ఇంట్లోకి వచ్చి, తువ్వాలు మొహాన కప్పుకుని పడుకున్నాను. పోలీసు చౌకీలో మాత్రం హిందీలో చెప్పాను, కనబడలేదు సాబ్ అని. రాసుకున్నారు.

వానలు వెనకబట్టాక బుల్లమ్మ తమ కులంవాళ్ళని పిలిచి ఒడ్డున కర్మ జరిపించింది. శవం దొరకనివాడికి బొమ్మ కట్టాలి. ఎండు గడ్డితో కట్టారు. నూకన్న పండగ చొక్కా తొడిగారు. కాసులమ్మే ఆ చొక్కా బొత్తాలు పెట్టింది. తరవాత నిప్పంటించారు. ఆమె గాజులు తీసేశారు. ఆ వచ్చే ఆదివారం మందిరంలో పెద్ద గురునాథం గారు అడిగారు, "సిస్టర్, నువ్వు అక్కడ ఉన్నావా?" అని. "ఉన్నానండి. బొమ్మకి సొక్కా నానే తొడిగేను" అంది. లేదని అనొచ్చు. అనలేదు. తప్పయిందనీ అనలేదు, చాప మీదికి వెళ్ళి కూర్చుంది.

అక్కడినుంచీ ఆమెని చూస్తూనే ఉన్నాను. ఇంతకుముందు నలుగురు ఆడవాళ్ళు ఆమె వాకిట్లో చేపలు ఎండబెట్టుకుంటూ, పాటలు పాడుకుంటూ పొద్దు గడిపేవాళ్ళు. ఒక్కొక్కరే వాళ్ళ వాళ్ళ వాకిళ్ళకి సర్దుకున్నారు. ఎవరూ పోట్లాడలేదు. "కోడలికి ఒంట్లో బాగానేదప్పా," "మా వాకిట్లో ఎండ బాగుంటంది." ఎండ అందరి వాకిట్లోనూ ఒకటే. కాసులమ్మ ఒక్కతే కూర్చుని కాకుల్ని తోలుకునేది. నేను వేట నుంచి వచ్చి నాలుగు చేపలు వాళ్ళ గడపలో పెట్టేవాణ్ణి. సాయంత్రం ఆమె గోడ మీదుగా కూర గిన్నె అందించేది. గిన్నె కడిగి ఇచ్చేవాణ్ణి. అంతకంటే ఏమీ లేదు. ఉందని కొళాయి దగ్గర చెప్పుకున్నారు. చెప్పుకోనీ.

ఒకనాడు బుల్లమ్మ మా వాకిట్లోకి వచ్చి బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది.

"ఒరే గవరయ్యా, ఎన్నాళ్ళు నాకుతావురా ఆ గిన్ని?"

"కడిగే ఇత్తన్నాను గదా పిన్నీ."

"ఎదవ సరసాలు ఆపు. నా కోడలు ఈడులో ఉంది. నీకా, ఇంట్లో దీపం ఎట్టే దిక్కు నేదు. మా కులంలో మారుమనువు కొత్తేటి కాదు. దాన్ని సూసుకో."

"ఆమె ఏటంటంది?"

"ఏటంటాది! మీ దేముడు ఒప్పుకోవాలంట. బల్ల కాడ పదిమందీ ఔనంటే ఒత్తాదంట. నా మాట గాలికి." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కొడుకు పోయినాడు. కోడలు కూడా ఇలాగ ఎండిపోతే నాను సూళ్ళేను నాయనా."

ఆ సాయంత్రం కూర గిన్నె అందిస్తున్నప్పుడు కాసులమ్మని అడిగాను. ఆమె గిన్నె వదలకుండా పట్టుకునే చెప్పింది.

"బావా, నీ ఇంటికి రాడానికి నాకు బయ్యం నేదు. ఆ సాప మీంచి నీ ఇంటికి ఒస్తే మట్టుకు నన్ను ఏటంటారో నీకు తెలుసు. ఆల చేత ఒప్పించు. ఒస్తాను."

గురునాథం గారు మా మందిరం సహవాసానికి పెద్ద. ఊళ్ళో ఒక ఆఫీసులో హెడ్ క్లర్కు. గరాచర్మలో కొత్త ఇల్లు కట్టుకున్నారు. బస్సెక్కి వెళ్ళాను. ఆయన్ని చెడ్డవాడు అనడానికి నాకు వీల్లేదు, అదే నా బాధ. నా భార్య జ్వరంలో ఉన్నప్పుడు సెలవు పెట్టుకుని వచ్చి తడిగుడ్డ వేసిన మనిషి. ఆయన చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది.

వరండాలో కుర్చీ వేయించారు. చాయ్ ఇప్పించారు. నేను చెప్పింది అంతా విన్నారు.

"దేఖో గవరయ్యా, నేనెవర్ని తీర్పు తీర్చడానికి? వాక్యం ఉంది. మొగుడు బతికుండగా ఆడది ఇంకొకడింటికి పోతే దాన్ని వాక్యం ఏమంటుందో నీకు తెలుసు."

"బతికున్నాడని ఎవరు సెప్పారండి?"

"పోయాడని ఎవరు చెప్పారు? జంగ్లీఘాట్ లక్ష్ముడి సంగతి మరిచిపోయావా?"

మరిచిపోలేదు. లక్ష్ముడు డుంగీతో సహా కొట్టుకుపోయి బర్మా ఒడ్డున తేలాడు. వాళ్ళు జైల్లో పెట్టారు. ఇక్కడ వాడి ఇంట్లో ఏడుపులు అయిపోయి, వాడి వల కూడా ఎవరో పట్టుకెళ్ళిపోయాక, గడ్డం పెంచుకుని ఓడ దిగాడు. మా దీవుల్లో అలాంటివి జరుగుతాయి.

"ఎవర్నీ తీర్పు తీర్చొద్దని మీరే గదండీ సెప్తారు. మరి ఆ సాప ఏటండి?" అన్నాను.

ఆయనకి కోపం రాలేదు. "చాప శిక్ష కాదు బ్రదర్. దారి తప్పినవాళ్ళు తిరిగొచ్చే గుమ్మం అది. అందుకే గుమ్మం దగ్గరే వేశాం."

అలా చెప్పగలిగేవాళ్ళతో ఏం మాట్లాడతాం? లేచాను. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"అసలు నువ్వు నా దగ్గరికి ఎందుకొచ్చావో నాకు అర్థం కావట్లేదు. నీ చేతిలో ఉన్నది నన్ను అడుగుతున్నావు."

"నా సేతిలో ఏటుంది?"

"నువ్వు చూశావు కదా. నూకన్న శవాన్ని."

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను.

"మీ పద్ధతి నాకు తెలుసులే," అన్నారాయన మెల్లిగా. "సముద్రం మీద శవాన్ని చూసి, ఒడ్డుకి తేలేకపోయినవాడు ఆ ఇంటి గడపలో నోరు విప్పకూడదు. ఆ ఇంటివాళ్ళు అడగకూడదు. నువ్వు ఆరోజు వాళ్ళ గడప దాకా వెళ్ళి నోరు విప్పకుండా తిరిగొచ్చావు. బస్తీ అంతా చూసింది. పోలీసుల దగ్గర కనబడలేదన్నావు, అది మామూలే, ఎవడు తిరుగుతాడు కోర్టుల చుట్టూ? మేం నిన్ను ఒత్తిడి చేయలేదు. కానీ మందిరంలో లేచి, దేవుడి ముందు, చూశానని ఒక్క మాట చెప్పు. ఆమె విధవరాలు అవుతుంది. బొమ్మ సంగతి అజ్ఞానం అని క్షమించేస్తాం. మీ పెళ్ళి నేనే జరిపిస్తాను. ఈ ఆదివారమే చెప్పు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చాను. మిన్నీ బే స్టాపు దాటిపోయినా తెలియలేదు. వెనక్కి నడిచాను.

ఆ పద్ధతి నాకు తెలియక కాదు. మా అయ్య శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి వచ్చినప్పుడు వలతో పాటు తెచ్చుకున్న పద్ధతి అది. చిన్నప్పుడు చూశాను కూడా. కానీ ఆరోజు నాకు ఏ పద్ధతీ గుర్తు లేదు. గొంతు రాలేదు, అంతే. గొంతు రాకపోవడం కూడా సాక్ష్యం అవుతుందని ఎవడు అనుకుంటాడు? బుల్లమ్మని చాటుగా అడిగాను, నేను చూశానని నీకెవరు చెప్పారు అని. "సెప్పాలేటిరా? నీ మొగమే సెప్పింది. నువ్వు సూసినావనే గదా దైర్నంగా బొమ్మ కాల్చేను" అంది.

అంటే నా మాట లేకుండానే నా సాక్ష్యం మీద ఒక మనిషిని కాల్చేశారు. ఇప్పుడు నేను చేయాల్సింది అబద్ధం కూడా కాదు అనిపించింది. అందరూ నమ్ముతున్నదాన్ని పైకి అనడం. ఎవరికి నష్టం? నూకన్న పోయాడు. ఆ కెరటాల్లో ఎవడు బతుకుతాడు? నాకంటే ఎవడికి ఎక్కువ తెలుసు? నేను చూశాను, కళ్ళతో కాకపోతే బుద్ధితో. ఆ వారమంతా డుంగీలో కూర్చుని అదే మాట అనుకున్నాను. సూశానండి. సూశానండి. గేలం వేస్తూ అన్నాను, తీస్తూ అన్నాను. శనివారానికి మాట నోట్లో నున్నగా అయింది.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. కాసులమ్మ చాప మీద మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. బుల్లమ్మ ఎప్పుడూ మందిరం గుమ్మం తొక్కదు. ఆరోజు బయట, కిటికీ దగ్గర వచ్చి నిలబడింది. పాటలయ్యాక గురునాథం గారు, "బ్రదర్ గవరయ్య ఒక సాక్ష్యం చెప్తారు" అన్నారు.

లేచాను. అందరి మొహాలూ నా వైపు తిరిగాయి. మంచి మొహాలే అవి. నాకు మేలు జరగాలని కోరుకుంటున్న మొహాలు.

"నూకన్న సంగతి" అని మొదలుపెట్టాను. అంటూ ఎందుకో వెనక్కి తిరిగాను.

కాసులమ్మది పెళ్ళికి ఎదురుచూసే ఆడదాని చూపు కాదు. కొంగు చివర పళ్ళతో పట్టుకుని, కళ్ళు చిన్నవి చేసి చూస్తోంది. వేటకెళ్ళిన పడవలు తిరిగొచ్చే వేళ ఒడ్డున నిలబడి, దూరంగా కనిపించేది ఎవరి పడవో పోల్చుకునే చూపు. అడగకూడదు కాబట్టి ఇన్నాళ్ళూ ఆమె అడగలేదు. ఇప్పుడు మొదటిసారి ఎవరో చెప్పబోతున్నారు.

వారమంతా నున్నగా చేసుకున్న మాట వదిలేశాను.

"నాను సూళ్ళేదు" అన్నాను.

కిటికీ దగ్గర బుల్లమ్మ, "ఏటీ?" అంది.

"సూళ్ళేదు. శవాన్ని సూళ్ళేదు. డుంగీని సూళ్ళేదు. వాన తగ్గేసరికి ఏటీ నేదు."

కాసులమ్మ చాప మీంచి లేచింది. "సూళ్ళేదా బావా?"

"నేదు."

"మరి ఆ దినం మా గడపలో ఎందుకు నోరిప్పనేదు?"

"ఏటి సెప్పాలో తెలక."

ఆమె తన వట్టి చేతుల వైపు చూసుకుంది. "ఓరి నాయనో," అంది. ఏడుపో నవ్వో తెలియని గొంతుతో. "నీ మొగం సూసే గదయ్యా గాజులు తీయించుకున్నాను."

తర్వాత గురునాథం గారి వైపు తిరిగి నిలబడింది. "అయ్యా, నాది తప్పే. పోయినాడో నేదో తెలకుండా ఆడికి నిప్పెట్టేను. సొక్కా బొత్తాలు ఎట్టి మరీ ఎట్టేను. ఒప్పుకుంటన్నాను. నన్ను సెమించండి."

మందిరమంతా స్తోత్రం అంది. ఆడవాళ్ళు ఇద్దరు లేచి వచ్చి ఆమెని భుజాలు పట్టుకుని తమ వరసలోకి తీసుకుపోయారు. వాకిట్లో ఎండ బాగుంటుందన్న మనిషే ఆమె కళ్ళు తుడిచింది. ఆరోజు పళ్ళెం ఆమె దగ్గర ఆగింది. రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని ఆమె చాలాసేపు నమలకుండా ఉండిపోయింది. ఇన్ని నెలలూ ఆమెకి ఆకలి దేని మీదో నాకు అప్పుడు తెలిసింది. నా మీద కాదు.

బయటికొచ్చాక గురునాథం గారు రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నారు. "నిజం చెప్పావు గవరయ్యా. నీకెంత నష్టమో నాకు తెలుసు" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ మనిషిని అప్పుడు కొట్టాలనిపించింది.

బుల్లమ్మ మాత్రం తిన్నగా చెప్పింది. "నీ నిజం నీ కాడే ఉంచుకోనేకపోయినావురా? నా కొడుకుని నిప్పుల్లో పడుకోబెట్టేనని నిమ్మళంగా ఉన్నాను. మళ్ళీ తీసుకెళ్ళి నీళ్ళలో ఒగ్గేసినావు."

ఆ వారంలోనే కాసులమ్మ అబర్డీన్ బజారుకి వెళ్ళి ఆకుపచ్చ గాజులు వేయించుకుని వచ్చింది. బతికున్న మొగుడి పెళ్ళాం కదా, వట్టి చేతులతో ఎలా ఉంటుంది? అత్తాకోడళ్ళకి పెద్ద రగడ అయింది. గోడ ఇవతల నాకు అంతా వినబడింది.

"కర్మ చేసినాక గాజులేస్తావేటే? నా కొడుకు దయ్యమై తిరుగుతాడే!"

"దయ్యమై కాదత్తా. మనిసై ఒస్తాడు."

"ఆ గవరయ్య ఎదవ సూళ్ళేదన్నాడని?"

"ఆయన సూళ్ళేదంటే సూళ్ళేదు. ఆయన అబద్దం ఆడడు."

ఆ మాట విన్నాక నేను లేచి బయటికి పోయాను. నా గురించి ఒక ఆడది అన్న మంచి మాట బహుశా అదే ఆఖరిది. అది నాకు ఏ పనికీ రాదు.

బుల్లమ్మ మూట కట్టుకుని తుష్నాబాద్‌లో ఉన్న కూతురు అమ్మడు దగ్గరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు కొళాయి దగ్గర మాట మారింది. బొమ్మ కాలినాక గాజులేసుకున్న సిగ్గులేనిది అని మా కులంవాళ్ళు అంటున్నారు. మందిరంలో ఆడవాళ్ళు ఆమెని విశ్వాసానికి మాదిరి అంటున్నారు. నిరుడు ఈ నోళ్ళు రెండూ ఒకదాని మాట ఒకటి అన్నాయి, అప్పుడు తప్పు పట్టింది మందిరం, మెచ్చుకుంది కులం. కాసులమ్మ రెండింటికీ మధ్య కూర్చుని చేపలు ఎండబెట్టుకుంటోంది. వాకిట్లో మళ్ళీ నలుగురున్నారు, పాటలున్నాయి.

నాకు కూర గిన్నె రావడం లేదు. మొగుడు వేటకెళ్ళిన ఇంటి ఆడది గోడ మీదుగా ఇంకొకడికి కూర ఎలా ఇస్తుంది? చేపలు గడపలో పెడితే, ఎవరి చేతనైనా తిరిగి పంపిస్తుంది, మర్యాదగా. తెల్లారగట్ల లేచి ఆమె అంట్లు తోముకుంటుంటే గాజుల చప్పుడు రేకు గోడలోంచి వస్తుంది. ముందు ఈ గోడలోంచి మాటలు వచ్చేవి.

ప్రతి ఆదివారం పళ్ళెం లేచే ముందు ఆమె నిలబడి ప్రార్థన చేస్తుంది. నూకన్న ఏ ఒడ్డున ఉన్నా, ఏ జైల్లో ఉన్నా క్షేమంగా ఇంటికి చేర్చు తండ్రీ అని. అందరూ ఆమెన్ అంటారు. మొదటి వారం నేను నోరు తెరిచాను. రాలేదు. రెండో వారం పెదాలు ఆడించాను. పక్కవాడు చూశాడేమో తెలియదు. నూకన్న నన్ను అన్నా అన్నవాడు. నేను విసిరిన తాడు పట్టుకున్నవాడు. వాడు రావాలని అడిగే ప్రార్థనకి ఆమెన్ అనలేనివాడు ఆ రొట్టె ఎలా ముట్టుకుంటాడు?

మూడో వారం వెళ్ళి చెప్పుల దగ్గర చాప మీద కూర్చున్నాను.

గురునాథం గారు దగ్గరికి వచ్చి వంగి, "ఇదేంటి బ్రదర్? నిన్నెవరు తీశారు బల్ల నుంచి? క్యా హువా?" అన్నారు.

"ఇక్కడ గాలి బాగుందండి."

"ముందుకి రా."

"మీరు పళ్ళెం తిప్పండి."

ఆయన వెళ్ళి పళ్ళెం అందుకున్నారు. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. గవరయ్య ఏదో తప్పు చేసే ఉంటాడని, ఏం తప్పో అని తలా ఒకటి అనుకుంటున్నట్టున్నారు. తాగుడు అని కొందరు, తుష్నాబాద్‌లో ఎవరో ఆడది ఉందని కొందరు. అనుకోనీ.

చాప మీంచి చూస్తే అందరి వీపులే కనబడతాయి. ఆడవాళ్ళ వరసలో పళ్ళెం ఎక్కడికి వచ్చిందో నాకు కనబడదు. కాసులమ్మ చేతికి అందినప్పుడు మాత్రం గాజుల చప్పుడవుతుంది. ఆ తర్వాత పళ్ళెం వెనక వరసకి వస్తుంది. నా ముందు ఆగుతుంది. తిరిగి వెళ్ళిపోతుంది.